ఆసియా కోటాలో ఒక డిఫెండర్: జెష్ రెహ్మాన్ ఆట జీవితంపై కేస్ స్టడీ

హైదరాబాద్‌లో కుర్రవాళ్లకు ఫుట్‌బాల్ నేర్పడం నా వృత్తి. కొన్నేళ్లుగా దానికి మరో పని తోడైంది. పదిహేను, పదహారేళ్ల వయసులో ఆటలో కాస్త మెరిసిన పిల్లల తల్లిదండ్రులు వచ్చి, ఏ క్లబ్బు ట్రయల్స్‌కు పంపాలి, ఇంటర్ మానిపించాలా వద్దా, విదేశానికి పంపితే నిలదొక్కుకుంటాడా అని అడుగుతారు. వాళ్లకు నోటిమాటగా ఏదో చెప్పి పంపడం నాకు నచ్చదు. అందుకని కొందరు ఆటగాళ్ల జీవితాలను ఏడాదివారీగా రాసి పెట్టుకున్న ఫైళ్లు నా దగ్గర ఉన్నాయి. వాటిలో ఒకటి తీసి, ఈ మనిషి ఈ వయసులో ఈ నిర్ణయం తీసుకున్నాడు, దాని ఫలితం ఇలా వచ్చింది అని చూపిస్తాను. ఆ ఫైళ్లలో నేను ఎక్కువసార్లు తెరిచింది ఒక పాకిస్తాన్ అంతర్జాతీయ ఆటగాడిది. పేరు జీషాన్ రెహ్మాన్. ఫుట్‌బాల్ లోకానికి జెష్ రెహ్మాన్.

ఈ కేసును మొదటి రెండేళ్లు నేను తప్పుగా చెప్పానని ముందే ఒప్పుకోవాలి. ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా పై స్థాయి అయిన ప్రీమియర్ లీగ్‌లో ఆడిన తొలి పాకిస్తానీ మూలాల ఆటగాడు అన్న వాక్యంతో మొదలుపెట్టి, పట్టుదల ఉంటే సాధించలేనిది లేదన్న ధోరణిలో ముగించేవాణ్ని. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఒక రోజు అతను ఆడిన క్లబ్బులను, ఒక్కోచోట గడిపిన కాలాన్ని వరసగా కాగితం మీద వేసుకుని చూస్తే, నేను ఏ భాగాన్ని పట్టుకుని ఇంత గొప్పగా చెబుతున్నానో అదే ఆ జీవితంలో అన్నిటికన్నా పలచటి భాగమని తేలింది. అతనికి నిలకడ, పెద్ద పోటీల్లో కప్పులు, ఆ తర్వాతి వృత్తికి పునాది, ఇవన్నీ 27 ఏళ్లు నిండాక ఆసియాలో దక్కాయి. ఆ తలుపు తెరవడానికి పనికొచ్చిన తాళంచెవి మాత్రం, 2005 డిసెంబరులో కరాచీలో, పూర్తిగా వేరే కారణంతో తీసుకున్న నిర్ణయం నుంచి అతని చేతికి వచ్చింది. ఈ వ్యాసం ఆ తాళంచెవి గురించే.

ఫుల్‌హామ్ ఏళ్లు

రెహ్మాన్ 1983 అక్టోబరు 14న బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. లండన్‌లోని ఫుల్‌హామ్ క్లబ్ అకాడమీలో ఎదిగి, 2001లో ప్రొఫెషనల్ ఒప్పందం అందుకున్నాడు. ఇంగ్లండ్ కుర్ర జట్లకు కూడా ఆడాడు. ప్రధానంగా సెంటర్ బ్యాక్, అంటే గోల్ ముందు మధ్యలో కాపు కాసే డిఫెండర్. అవసరాన్ని బట్టి రైట్ బ్యాక్‌గానూ, కొన్నిసార్లు మిడ్‌ఫీల్డ్‌లోనూ నిలబడగలడు. శిక్షకుడి కంటితో చూస్తే ఈ సర్దుబాటు గుణం వరమూ అవుతుంది, శాపమూ అవుతుంది. మూడు చోట్ల ఆడగలిగిన కుర్రవాడు బెంచీ మీద తప్పక ఉంటాడు, ఒక చోటు మాత్రం అతనిదని ఎవరూ రాసివ్వరు.

బ్రిటన్‌లో దక్షిణాసియా కుటుంబాల పిల్లలు ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లోకి రావడం ఎంత అరుదో తెలియకపోతే ఈ తొలి దశ విలువ అర్థం కాదు. 2021 జనాభా లెక్కల ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లలో భారతీయ, పాకిస్తానీ, బంగ్లాదేశీ మూలాల వారు కలిపి దాదాపు 7 శాతం. ప్రొఫెషనల్ ఆటగాళ్లలో బ్రిటిష్ దక్షిణాసియా మూలాల వారి వాటా ఒక్క శాతానికి కూడా చేరలేదు. రెహ్మాన్ వచ్చేనాటికి పరిస్థితి ఇంతకన్నా మెరుగ్గా ఏమీ లేదు. 2004లో అతను ప్రీమియర్ లీగ్ మైదానంలో అడుగుపెట్టినప్పుడు పత్రికలు అంతగా రాయడానికి కారణం అదే. పత్రికలు కొన్ని అత్యుత్సాహంతో అతన్ని తొలి దక్షిణాసియా మూలాల ఆటగాడని కూడా రాశాయి. అది సరికాదు. తండ్రి భారతీయుడైన జిమ్మీ కార్టర్ 1990లలోనే ఆర్సెనల్ తరఫున ప్రీమియర్ లీగ్‌లో ఆడాడు. పేరు చూస్తే ఎవరికీ అనుమానం రాలేదు కాబట్టి చాలాకాలం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఇక నిర్ణయాల విషయానికి వస్తే, ఫుల్‌హామ్‌లో అతను ప్రొఫెషనల్‌గా గడిపిన కాలం అయిదేళ్లు. ఆ అయిదేళ్లలో లీగ్‌లో ఆ క్లబ్బుకు ఆడిన మ్యాచ్‌లు దాదాపు ఇరవై. మధ్యలో బ్రైటన్‌కు, 2006 ఆరంభంలో నారిచ్‌కు లోన్ మీద, అంటే ఒప్పందం ఫుల్‌హామ్‌తోనే ఉండగా తాత్కాలికంగా, వెళ్లాడు. మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులకు ఇక్కడ నేను ఒక లెక్క వేసి చూపిస్తాను. పద్దెనిమిది నుంచి ఇరవై రెండేళ్ల మధ్య డిఫెండర్ నేర్చుకోవాల్సింది తప్పుల నుంచి. ఆ తప్పులు ప్రాక్టీసులో చేస్తే లెక్కలోకి రావు. పాయింట్లు పోయే మ్యాచ్‌లో చేసి, వారం తిరిగేసరికి మళ్లీ అదే ఎదురైనప్పుడు చేయకుండా ఉండాలి. పెద్ద క్లబ్బులో ప్రత్యామ్నాయ ఆటగాడిగా అయిదేళ్లు ఉండిపోవడం వల్ల రెహ్మాన్‌కు దక్కనిది అదే. అతని స్థానంలో ఉంటే నేను ఇరవయ్యేళ్లకే కింది డివిజన్‌కు పూర్తిగా మారమని చెప్పేవాణ్ని. అయితే ఇది ఇప్పుడు కూర్చుని చెప్పే మాట. ప్రీమియర్ లీగ్ జెర్సీ ఒంటిమీద ఉన్న ఇరవయ్యేళ్ల కుర్రవాడికి, అందునా ఆ చోటుకు తన సముదాయంలో ఎవరూ చేరని రోజుల్లో, ఆ మాట చెప్పి ఒప్పించగల శిక్షకుణ్ని నేను ఇంతవరకు చూడలేదు.

కరాచీ, 2005 డిసెంబరు

ఫుల్‌హామ్‌లో ఉండగానే రెహ్మాన్ పాకిస్తాన్‌కు ఆడాలని నిర్ణయించుకున్నాడు. ప్రీమియర్ లీగ్ ఆటగాడు, ఇంగ్లండ్ కుర్ర జట్లలో ఆడినవాడు, దక్షిణాసియా జట్టుకు ఆడతాననడం అప్పట్లో వింతగా తోచింది. 2005 డిసెంబరులో కరాచీలో దక్షిణాసియా దేశాల పోటీ అయిన శాఫ్ చాంపియన్‌షిప్ జరిగింది. శ్రీలంకతో మ్యాచ్ అతని తొలి అంతర్జాతీయ మ్యాచ్. ఆ పోటీల్లో పాకిస్తాన్ సెమీఫైనల్ దాకా వెళ్లి బంగ్లాదేశ్ చేతిలో ఓడిపోయింది. అప్పటి శిక్షకుడు బహ్రెయిన్‌కు చెందిన సల్మాన్ షరీదా.

ఆ జట్టులో రెహ్మాన్ పక్కన నిలబడిన వాళ్లు ఎవరు, వాళ్ల జీతం ఎక్కడి నుంచి వచ్చేది అన్నది తెలుగు పాఠకులకు తేలిగ్గా అర్థమవుతుంది. పాకిస్తాన్ దేశీయ ఫుట్‌బాల్ డిపార్ట్‌మెంటు జట్ల మీద నడిచింది: విద్యుత్, నీటిపారుదల సంస్థ వాప్డా, ఖాన్ రీసెర్చ్ లేబొరేటరీస్, సైన్యం, నేషనల్ బ్యాంక్, టెలికమ్యూనికేషన్ సంస్థ. ఆటగాడు ఉద్యోగి; ఆట ఉన్నన్నాళ్లు మైదానం, తర్వాత ఆఫీసు. రహీమ్ సాబ్ శిక్షణలో 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచిన మన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కూడా ఇదే అచ్చు. ఆ పద్ధతిలో ఆటగాడికి నెల జీతం, కుటుంబానికి భరోసా ఉంటాయి. ఉండనిది బయటి మార్కెట్లో అతనికి పలికే ధర.

2005 జూన్‌లో భారత జట్టు పాకిస్తాన్ వెళ్లి మూడు మ్యాచ్‌లు ఆడింది. క్వెట్టాలో జరిగిన మొదటి మ్యాచ్ సునీల్ ఛెత్రికి తొలి అంతర్జాతీయ మ్యాచ్. అందులోనే తొలి గోల్ కొట్టాడు. దాన్ని సమం చేసి 1–1గా ముగించినవాడు అఫ్ఘాన్ సరిహద్దు పట్టణం చమన్ నుంచి వచ్చిన ముహమ్మద్ ఈసా. పెషావర్‌లో భారత్ గెలిచింది, లాహోర్‌లో పాకిస్తాన్ 3–0తో గెలిచింది. ఈసా ఆ తరంలో పాకిస్తాన్ చూసిన మేటి ఆటగాళ్లలో ఒకడు, తర్వాత కెప్టెన్ కూడా అయ్యాడు. ఆట నైపుణ్యం ఒక్కటే తూకం వేస్తే రెహ్మాన్ కన్నా ఈసాయే ఎక్కువ తూగుతాడని నా అభిప్రాయం. కానీ ఈసా ఆట జీవితం దాదాపు మొత్తం దేశంలోనే గడిచింది. ఒకరికి అకాడమీ చదువు, ఏజెంట్లు, వీడియోలు, ఇంగ్లండ్ లీగ్ పేరు ఉన్నాయి. ఇంకొకరికి కాలి నేర్పు, ఒక ప్రభుత్వ సంస్థ ఉద్యోగం ఉన్నాయి. అందుకే ఈ రెండు ఫైళ్లను నేను పక్కపక్కనే ఉంచుతాను.

రెహ్మాన్ ఆ డిసెంబరులో కరాచీ ఎందుకు వెళ్లాడన్నది కుటుంబం, మూలాలు, అభిమానం కలిసిన విషయం. కెరీర్ లెక్క వేసుకుని వెళ్లాడని నేను అనను. అసలు అప్పటికి ఆ లెక్కే లేదు. అది నాలుగేళ్ల తర్వాత పుట్టింది.

దిగుడు మెట్లు

2006 ఆగస్టులో రెహ్మాన్ ఫుల్‌హామ్ వదిలి, ఒక మెట్టు కింద ఉన్న చాంపియన్‌షిప్‌లోని క్వీన్స్ పార్క్ రేంజర్స్‌కు మారాడు. తమాషా ఏమిటంటే ఆ క్లబ్బు మైదానం లాఫ్టస్ రోడ్ అతనికి కొత్త కాదు. తన సొంత మైదానాన్ని బాగుచేయిస్తున్న రెండు సీజన్లు ఫుల్‌హామ్ అక్కడే ఆడింది. నిర్ణయం మంచిదే, కాలం కలిసిరాలేదు. అతన్ని తీసుకున్నప్పుడు మేనేజర్‌గా ఉన్న గ్యారీ వాడక్ స్థానంలోకి సెప్టెంబరులోనే జాన్ గ్రెగరీ వచ్చాడు. మరుసటి ఏడాది క్లబ్బు ఫ్లావియో బ్రియాటోరె, బెర్నీ ఎక్లెస్టోన్‌ల చేతుల్లోకి వెళ్లింది. డబ్బు కుప్పలుగా వచ్చింది, మేనేజర్లు వరసగా మారారు. కొత్త మేనేజర్ వచ్చిన ప్రతిసారీ పాత మేనేజర్ తెచ్చుకున్న డిఫెండర్ మళ్లీ మొదటి రోజు నుంచి రుజువు చేసుకోవాలి. రెహ్మాన్ మళ్లీ బ్రైటన్‌కు, తర్వాత బ్లాక్‌పూల్‌కు లోన్ మీద తిరిగాడు.

2009లో నాలుగో డివిజన్‌లో ఉన్న బ్రాడ్‌ఫర్డ్ సిటీకి చేరాడు. ఇక్కడ ఆటతో పాటు ఊరి గురించి కూడా చెప్పాలి. బ్రాడ్‌ఫర్డ్ క్లబ్బు మైదానం వాలీ పరేడ్ ఉన్నది మానింగ్‌హామ్ ప్రాంతంలో. చుట్టూ పాకిస్తానీ కుటుంబాలు దట్టంగా ఉంటాయి. 2001 జులైలో అల్లర్లు రేగింది ఆ వీధుల్లోనే. మ్యాచ్ రోజు స్టేడియం లోపలికి వెళ్లే జనం వేరు, ఆ గోడ పక్క ఇళ్లలో ఉండే జనం వేరు. అలాంటి చోట పాకిస్తాన్ అంతర్జాతీయ ఆటగాడు ఆ ఊరి జెర్సీ వేసుకోవడమంటే అతని మీద రెండు ఉద్యోగాల బరువు పడుతుంది: బంతిని ఆపడం ఒకటి, ఊరిని కలపడం ఇంకొకటి. రెండోదానికి జీతం ఉండదు. మొదటిదానిలో చిన్న పొరపాటు జరిగినా రెండోదానికి కూడా మార్కులు పోతాయి. 2010లో అతను తన పేరుతో ఫౌండేషన్ పెట్టి, ఫుట్‌బాల్‌కు దూరంగా ఉన్న సముదాయాల పిల్లల్ని ఆటలోకి తేవడం మొదలుపెట్టాడు. ఆ పని నిలబడింది. ఆటగాళ్ల సంఘం పిఎఫ్‌ఏ 2021లో ఆసియా మూలాల ఆటగాళ్లకు పెద్దల తోడు కల్పించే పథకాన్ని నడపడం మొదలుపెట్టినప్పుడు, దాన్ని నడిపించింది రెహ్మాన్ సోదరుడు రిజ్.

ఆటలో మాత్రం మెట్లు కిందికే దిగాయి. 2001లో ప్రీమియర్ లీగ్ క్లబ్బు ఒప్పందం, 2010 నాటికి నాలుగో డివిజన్. 27 ఏళ్ల వయసులో అలాంటి సెంటర్ బ్యాక్‌కు ఇంగ్లండ్‌లో ఎదురుగా ఉండే దారి సాధారణంగా ఒక్కటే: అదే స్థాయిలో ఏడాదికో ఒప్పందం, ముప్పై రెండు, ముప్పై మూడేళ్లకు ప్రొఫెషనల్ లీగ్ నుంచే సెలవు. నేను మొదటి రెండేళ్లు చెప్పిన కథను ఇక్కడే ఆపేసి ఉంటే అది విషాద కథ అయ్యేది.

మూడు ప్లస్ ఒకటి

ఈ కేసులో అసలు కీలకం ఇది కాబట్టి కొంచెం నెమ్మదిగా చెబుతాను. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య 2009 నుంచి తన చాంపియన్స్ లీగ్‌లో ‘మూడు ప్లస్ ఒకటి’ పద్ధతి అమలు చేసింది. క్లబ్బు ఏ దేశం వారినైనా ముగ్గురు విదేశీయులను తీసుకోవచ్చు. అదనంగా నాలుగో విదేశీయుణ్ని కూడా తీసుకోవచ్చు, కానీ అతను ఆసియా సమాఖ్య సభ్యదేశానికి చెందినవాడై ఉండాలి. ఖండంలోని అనేక లీగ్‌లు అదే నమూనాను తమ దేశీయ పోటీలకు తెచ్చుకున్నాయి. మన ఇండియన్ సూపర్ లీగ్ కూడా 2021–22లో ఆ దారికి వచ్చింది.

క్లబ్బు యజమాని కూర్చుని ఈ నాలుగు స్థానాలను ఎలా నింపుతాడో ఊహించండి. మొదటి మూడు స్థానాలకు బ్రెజిల్, అర్జెంటీనా, నైజీరియాల నుంచి వచ్చే వాళ్లతో పోటీ. ఆ స్థానాల్లో డబ్బు పెట్టేవాడు గోల్స్ కొనుక్కుంటాడు. స్ట్రైకర్లు, వాళ్లకు బంతి అందించే మిడ్‌ఫీల్డర్లే అక్కడ చేరతారు. ఇంగ్లండ్ నాలుగో డివిజన్ నుంచి వచ్చిన సెంటర్ బ్యాక్‌కు ఆ వరసలో చోటు దొరకడం కష్టం. నాలుగో స్థానం సంగతి వేరు. అక్కడ పోటీ కొరియా, జపాన్, ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్ లాంటి దేశాల వాళ్లతో. వాళ్లలో మంచి సెంటర్ బ్యాక్ అంటే ధర ఎక్కువ. ఇంగ్లండ్ అకాడమీలో పెరిగి, ప్రీమియర్ లీగ్‌లో ఆడి, ఇంగ్లిష్‌లో జట్టును నడిపించగలిగి, అదే సమయంలో కాగితాల మీద ఆసియా ఆటగాడైన డిఫెండర్ అంటే ఆ మార్కెట్లో చాలా అరుదైన సరుకు. 2005లో కరాచీలో వేసుకున్న ఆకుపచ్చ జెర్సీ రెహ్మాన్‌ను అలాంటి సరుకుగా మార్చింది.

దీనికి చట్టం కూడా కలిసిరావాలి. పాకిస్తాన్ బ్రిటన్‌తో ద్వంద్వ పౌరసత్వాన్ని అనుమతిస్తుంది. విదేశాల్లోని పాకిస్తానీలకు ప్రత్యేక గుర్తింపు కార్డు కూడా ఉంది. అందువల్ల బర్మింగ్‌హామ్‌లో పుట్టిన వ్యక్తి బ్రిటిష్ పాస్‌పోర్టు వదులుకోకుండానే పాకిస్తాన్‌కు ఆడగలడు, ఆసియా ఆటగాడిగా నమోదు కాగలడు.

2010 చివర్లో రెహ్మాన్ ఇంగ్లండ్ వదిలి థాయ్‌లాండ్‌లోని ముయాంగ్‌థాంగ్ యునైటెడ్‌కు వెళ్లాడు. 2009, 2010 రెండేళ్లూ థాయ్ లీగ్ గెలిచిన క్లబ్బు అది. లివర్‌పూల్ మాజీ స్ట్రైకర్ రాబీ ఫౌలర్ 2011లో ఆ క్లబ్బుకే వచ్చాడంటే అక్కడ డబ్బు, ఆశ ఏ మోతాదులో ఉన్నాయో అర్థమవుతుంది. అక్కడి నుంచి 2012లో హాంకాంగ్ క్లబ్ కిచీకి మారాడు. 2014 సీజన్‌కు మలేసియాలోని పహాంగ్ జట్టులో చేరాడు. అక్కడ ఆసియా స్థానం అతనిదే.

పహాంగ్ 2014ను అతని ఆట జీవితంలో శిఖరమని నేను లెక్కవేస్తాను. శిక్షకుడు దొల్లా సాలె ఆధ్వర్యంలో ఆ జట్టు జూన్‌లో ఫెల్డా యునైటెడ్‌ను ఓడించి ఎఫ్‌ఏ కప్ గెలిచింది. నవంబరు 1న బుకిట్ జలీల్ స్టేడియంలో జొహోర్ దారుల్ తాజీమ్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి మలేసియా కప్ నిలబెట్టుకుంది. 1921 నుంచి నడుస్తున్న పోటీ అది; అక్కడి జనానికి లీగ్ కన్నా దాని మీదే మమకారం. ముప్పై ఒకటో ఏట ఒక సెంటర్ బ్యాక్ కిక్కిరిసిన స్టేడియంలో, ప్రతి వారం తనదే అయిన చోటులో ఆడుతున్నాడు. ఫుల్‌హామ్‌లో ఇరవై ఏళ్ల వయసులో దొరకనిది అదే. సెంటర్ బ్యాక్ స్థానానికి ఈ వెసులుబాటు ఉందని పిల్లలకు చెబుతుంటాను. వింగర్‌కు ముప్పై దాటితే కాళ్లు మొరాయిస్తాయి. సెంటర్ బ్యాక్ వేగంలో పోగొట్టుకున్నదాన్ని నిలబడే చోటు ఎంచుకోవడంలో సంపాదించుకోగలడు. కాకపోతే ఆ వయసులో ఆడే చోటు ఎవరో ఒకరు ఇవ్వాలి.

పాకిస్తాన్‌కు దక్కింది ఎంత

ఈ ఒప్పందంలో రెండో పక్షం పాకిస్తాన్. ఆ జెర్సీ రెహ్మాన్‌కు రెండో జీవితం ఇచ్చింది. అతని నుంచి జట్టుకు దక్కింది మాత్రం చాలా తక్కువ. లోపం అతనిది కాదు. శాఫ్ లాంటి పోటీలు చాలాసార్లు, జాతీయ జట్ల మ్యాచ్‌ల కోసం ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా కేటాయించే తేదీల బయట జరుగుతాయి; అప్పుడు ఆటగాణ్ని వదలాల్సిన బాధ్యత క్లబ్బుకు ఉండదు. అంతకన్నా పెద్ద అడ్డంకి పాకిస్తాన్ ఫుట్‌బాల్ సమాఖ్యలోని తగవులు. 2015 మార్చిలో ప్రపంచ కప్ క్వాలిఫయర్లలో యెమెన్ చేతిలో ఓడాక, ఎన్నికల వివాదం కోర్టులకెక్కి, సీనియర్ జాతీయ జట్టు 2018 దాకా ఒక్క అంతర్జాతీయ మ్యాచ్ కూడా ఆడలేదు. దేశీయ లీగ్ ఆగిపోయింది. 2017 అక్టోబరులో ఫిఫా సస్పెండ్ చేసింది, 2018 మార్చిలో ఎత్తివేసింది. 2021 ఏప్రిల్ నుంచి 2022 జూన్ దాకా మళ్లీ సస్పెన్షన్, 2025 ఆరంభంలో ఇంకొకసారి కొద్ది వారాలు. దీనికి తోడు 2021లో ప్రభుత్వం డిపార్ట్‌మెంటు క్రీడలను నిలిపివేసి, మరుసటి ఏడాది మళ్లీ మొదలుపెట్టింది.

తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే బాధ కలుగుతుంది. రెహ్మాన్ మలేసియాలో ఆట పరిణతి పొంది కప్పు గెలిచి నిలిచిన కొన్ని నెలలకే, జాతీయ జట్టు అసలు మైదానంలోకి దిగని ఏళ్లు మొదలయ్యాయి. ఈసా లాంటి దేశీయ ఆటగాళ్ల తర్వాతి తరానికి జరిగిన నష్టం ఇంకా ఎక్కువ. రెహ్మాన్‌కు కనీసం పహాంగ్ ఉంది. వాప్డాలోనో ఖాన్ లేబొరేటరీస్‌లోనో ఉన్న ఇరవై నాలుగేళ్ల కుర్రవాడికి లీగూ లేదు, జాతీయ జట్టూ లేదు.

అతను వేసిన దారి మాత్రం తర్వాత రాజమార్గమైంది. 2023 అక్టోబరు 17న ఇస్లామాబాద్‌లో పాకిస్తాన్ కంబోడియాను 1–0తో ఓడించి, తన ప్రపంచ కప్ క్వాలిఫయర్ల చరిత్రలో తొలి విజయం సాధించింది. గోల్ కొట్టింది లండన్ కుర్రవాడు హారూన్ హమీద్; డిఫెన్స్‌లో నిలిచిన ఈసా సులేమాన్ బర్మింగ్‌హామ్‌లో పుట్టి ఇంగ్లండ్ కుర్ర జట్లకు కెప్టెన్సీ చేసినవాడు. శిక్షకుడు మనకు బాగా తెలిసిన స్టీఫెన్ కాన్‌స్టాంటైన్, రెండు దఫాలు భారత జట్టును నడిపినవాడే. 2005లో వింతగా తోచిన నిర్ణయం పద్దెనిమిదేళ్లకు జట్టు ఎంపిక విధానంగా మారిపోయింది.

పహాంగ్ తర్వాతి మజిలీలను త్వరగా దాటేస్తాను. 2017లో కొన్ని నెలలు ఇంగ్లండ్ మూడో డివిజన్‌లో గిలింగ్‌హామ్‌కు ఆడి, అదే ఏడాది హాంకాంగ్‌లోని సదర్న్ క్లబ్బుకు వెళ్లాడు. అక్కడ ఆడుతూనే శిక్షణ బాధ్యతల్లోకి జరిగాడు, తర్వాత ప్రధాన శిక్షకుడయ్యాడు. 2021లో ఇంగ్లండ్ తిరిగి వచ్చి పోర్ట్స్‌మౌత్ క్లబ్ యువ విభాగంలో శిక్షకుడిగా చేరి, ఆ పైన ప్రథమ జట్టు శిక్షక బృందంలోకి వెళ్లాడు. ఇంగ్లండ్ డగౌట్లలో దక్షిణాసియా మొహం కనబడటం ఆటగాళ్లలో కన్నా అరుదు. ఆ అర్హత అతనికి ఫుల్‌హామ్ బెంచీ మీద కూర్చుంటే వచ్చింది కాదు. నాలుగు భాషల డ్రెస్సింగ్ రూములను సర్దుకుంటూ గడిపిన ఆసియా సంవత్సరాల్లో వచ్చిందని నా అంచనా.

ఈ ఫైలు మా ఆఫీసులో ఎలా పనికొచ్చింది

కొంతకాలం క్రితం ఒక తండ్రి తన కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. అమెరికాలో చాలాకాలం ఉద్యోగం చేసి హైదరాబాద్ తిరిగొచ్చిన కుటుంబం. అబ్బాయి న్యూజెర్సీలో పుట్టాడు. అమెరికన్ పాస్‌పోర్టు, విదేశీ పౌరసత్వం ఉన్న భారత మూలాల వారికి ఇచ్చే ఓసీఐ కార్డు. ఎడమకాలి సెంటర్ బ్యాక్, వయసుకు మించిన ప్రశాంతత. ట్రయల్స్ అయ్యాక తండ్రి అడిగిన మొదటి ప్రశ్న, “మావాడు ఇండియాకు ఆడొచ్చు కదా సార్?”

ఆడలేడు. ఉన్న పాస్‌పోర్టుతో ఆడలేడు. భారత రాజ్యాంగం, పౌరసత్వ చట్టం ద్వంద్వ పౌరసత్వానికి చోటివ్వవు; ఓసీఐ కార్డు ప్రయాణానికి, నివాసానికి పనికొస్తుంది, పౌరసత్వం కాదు. భారత పాస్‌పోర్టు ఉన్నవారే దేశానికి ఆడాలన్నది కేంద్ర క్రీడా శాఖ 2008 నుంచి పట్టుకున్న విధానం. ఇక్కడి లీగ్‌లోనూ ఓసీఐ ఆటగాడు విదేశీయుల లెక్కలోకే వస్తాడు. పౌరసత్వం తిరిగి తీసుకోవాలంటే ఓసీఐగా నమోదై అయిదేళ్లు గడిచి ఉండాలి, దరఖాస్తుకు ముందు ఏడాది దేశంలో నివసించి ఉండాలి, అన్నిటికీ మించి ఆ విదేశీ పౌరసత్వాన్ని వదులుకోవాలి. జపాన్‌లో పుట్టిన ఇజుమి అరాటా అలా వదులుకునే భారత్‌కు ఆడాడు. ఆస్ట్రేలియాలో పుట్టి ఆ దేశానికి కూడా ఒక మ్యాచ్ ఆడిన ర్యాన్ విలియమ్స్ 2025లో అదే పని చేశాడు. ఇద్దరూ ఆ నిర్ణయం తీసుకునేనాటికి క్లబ్ ఆటలో స్థిరపడినవాళ్లు. పదహారేళ్ల పిల్లవాడి సంగతి వేరు.

నేను రెహ్మాన్ ఫైలు తీసి ఆయన ముందు పెట్టాను. అందులోని ఏ మెట్టు మన చట్టాల కింద ఉంటుందో, ఏది ఉండదో వేలు పెట్టి చూపించాను. పాకిస్తానీ తండ్రి కొడుకుకు బ్రిటిష్ పాస్‌పోర్టు, ఆసియా స్థానం రెండూ దక్కాయి. తెలుగు తండ్రి కొడుకు ఒకటి ఎంచుకుని రెండోది వదలాలి. ఇంకో హెచ్చరిక కూడా చేశాను. ఈ ‘ఆసియా స్థానం’ కూడా శాశ్వతం కాదు. 2024–25 నుంచి ఆసియా చాంపియన్స్ లీగ్ ఎలీట్‌లో విదేశీయుల పరిమితినే ఎత్తివేశారు. దేశీయ లీగ్‌ల నిబంధనలు ఏటా మారుతున్నాయి. రెహ్మాన్‌కు 2010లో తెరుచుకున్న తలుపు ఈ అబ్బాయికి ఇరవై ఏడేళ్లు వచ్చేసరికి ఆ గోడలోనే ఉంటుందని నేను హామీ ఇవ్వలేను.

తండ్రి చాలాసేపు కాగితాలు తిరగేసి, “అయితే మేం చేసింది తప్పా సార్, అక్కడ కనడం?” అన్నాడు. కాదన్నాను. పాస్‌పోర్టు నిర్ణయం ఇప్పుడు అక్కర్లేదని, ముందుగా ఈ రెండేళ్లు అబ్బాయి వారం వారం తొంభై నిమిషాలు ఆడే చోటు వెతుక్కోవడం ముఖ్యమని, పెద్ద పేరున్న క్లబ్ రిజర్వు జట్టు కన్నా చిన్న క్లబ్బు మొదటి జట్టు మేలని చెప్పాను. ఫుల్‌హామ్ అయిదేళ్ల పేజీని అందుకే ముందు చూపించాను. అబ్బాయి ఆ పేజీ కన్నా పహాంగ్ పేజీ దగ్గరే ఎక్కువసేపు ఆగాడు.

ఆ రోజు తర్వాత మా ట్రయల్స్ దరఖాస్తులో ఎత్తు, బరువు, ఆడే స్థానం పక్కన కొత్తగా ఒక గడి పెట్టాను: పుట్టిన దేశం, ఉన్న పాస్‌పోర్టు, తల్లిదండ్రుల పౌరసత్వం. ఈ ఏడాది దాన్ని నింపినవారిలో ఏడుగురు పిల్లలు విదేశాల్లో పుట్టినవాళ్లు. న్యూజెర్సీ అబ్బాయి ప్రస్తుతం ఒక చిన్న క్లబ్బుకు ప్రతి ఆదివారం ఆడుతున్నాడు. వచ్చే జూన్‌కు పదిహేడు నిండుతాయి. వాళ్ల నాన్న ఇంకా ఏ నిర్ణయమూ తీసుకోలేదు.